నీళ్ళు తాగని పొర

సంచి సర్దుతున్నది వెళ్ళే మనిషి కాదు, పంపించే మనిషి. పెద్దమ్మ కంట ముందుగా పడింది అదే.

వెళ్ళాల్సిన పిల్ల మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చిన్నప్పుడు గుప్పెడంత ఉండి గంపెడు మాటలు మాట్లాడేదని ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచేవారు. ఇరవై ఆరేళ్ళు వచ్చి, పెద్ద ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్నా ఆ పేరు వదల్లేదు. ఈ మధ్యాహ్నం మాత్రం పిచ్చుక నోరు పెగలడం లేదు. ఆమె బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో పేరుస్తున్నవాడు ఆమె మేనమామ, పెద్దమ్మకు సొంత తమ్ముడు. అదే ప్రయోగశాలలో ఎక్స్‌రే విభాగానికి పెద్ద. తల్లి పోయిన పిల్లను దగ్గర పెట్టుకుని చదివించింది, ఈ ఉద్యోగంలో చేర్పించింది, యంత్రం ముందు కూర్చోబెట్టి పని నేర్పింది అన్నీ ఆయనే.

బరువైన పుస్తకాలు అడుగున పెట్టాడు. వాటి మీద బట్టలు. చెప్పులు కాగితంలో చుట్టి ఓ పక్కకి దోపాడు. తలనొప్పి మాత్రలు చేతికందేలా పైఅరలో ఉంచాడు. నీళ్ళ సీసా మూత బిగించి, బోర్లించి, కారడం లేదని చూసి మరీ పెట్టాడు.

"ఆరున్నర బండికి సీటు దొరికింది. కిటికీ పక్కదే," అన్నాడు. "అక్కడ దిగేసరికి నా స్నేహితుడు ఎదురొస్తాడు. వాళ్ళ కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. ఇక్కడ గొడవ చల్లారాక నేనే పిలిపిస్తాను."

"నేను తియ్యలేదు మామయ్యా."

"నాకు తెలీదా తల్లీ? కానీ ప్రయోగశాల వాళ్ళు ఐదింటిలోగా ఈ గది ఖాళీ చెయ్యమన్నారు. చేస్తే ఇంతటితో వదిలేస్తారట. లేదంటే కేసు. మర్యాదగా వెళ్ళిపోవడం మేలు కదా."

పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఆ చేతుల్నే చూస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో పోయినవి వెతికిపెట్టడం ఆవిడ వృత్తి. డిటెక్టివ్ అనే మాటకు తగ్గ రూపం కాదు. మోకాళ్ళ నొప్పులు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. పిచ్చుక ఫోను చేసి ఏడిస్తే ఈ పొద్దున్నే బండి దిగింది. రైలు ప్లాట్‌ఫారాల మీద, ఆసుపత్రి గేట్ల దగ్గర ఆవిడ ఎంతమందిని సాగనంపిందో లెక్క లేదు. ఇష్టమైన మనిషిని పంపేటప్పుడు సర్దే చెయ్యి ఏదో ఒకటి మరిచిపోతుంది. దువ్వెనో, కళ్ళజోడో. దానికోసం వెనక్కి వస్తే ఇంకో నిమిషం కనిపిస్తారని ఆ చేతికి ఆశ. తమ్ముడి చెయ్యి ఏదీ మరిచిపోలేదు.

సొంత తమ్ముడి మీదికి ఇలాంటి ఆలోచన పోయినందుకు ఆవిడకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"రెండే కదా అయింది. ఇంకా మూడు గంటలుంది," అంది. "చెప్పవే పిచ్చుకా, అసలు పోయిందేమిటి? నా బుర్రకెక్కేలా చెప్పు."

"పొర పెద్దమ్మా. ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది, జేబురుమాలంత. బ్యాటరీల్లో పెట్టడానికి నేను తయారుచేసింది. ఒక్కటే ఉంది. పోటీ కంపెనీకి అమ్మేశానంటున్నారు."

"ఓ ప్లాస్టిక్ కాగితానికి ఇంత హడావిడా?"

ఆ మాటకు పిచ్చుక తలెత్తింది. "మామూలు ప్లాస్టిక్ కాదు. ప్లాస్టిక్ అంటే పొడుగాటి దారాల్లాంటి అణువులు. నా పొరలో ఆ దారాలకి అక్కడక్కడా అయాన్లుంటాయి, అంటే విద్యుత్తు అంటుకున్న ముడులు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంటే వాటికి పడదు. అందుకని ఒకదాన్నొకటి వెతుక్కుని గుంపులు కడతాయి. వానలో ఒక్క గొడుగుంటే జనమంతా దాని కిందే దూరినట్టు. ఆ గుంపులు ఎంతెంత దూరంలో ఉన్నాయన్నదే పొర గుట్టంతా."

"కంటికి కనిపించవుగా?"

"ఏ కంటికీ కనిపించవు. పొరలోంచి ఎక్స్‌రే పంపిస్తే ఆ గుంపులకు తగిలి రవ్వంత పక్కకి చెదురుతుంది. తెర మీద గుండ్రంగా వలయం పడుతుంది. గుంపులు దగ్గరగా ఉంటే పెద్ద వలయం. దూరం జరిగితే చిన్న వలయం."

"తిరకాసుగా ఉందే!"

"తిరకాసే. మొదట్లో నేనూ తలకిందులుగా చదివి మామయ్య చేత చీవాట్లు తిన్నాను." పిచ్చుక గొంతులో మాటలు మళ్ళీ రెక్కలు విప్పుతున్నాయి. "పొర తేమ పీల్చుకుంటే గుంపులు ఉబ్బి ఎడంగా జరుగుతాయి. అప్పుడు వలయం కుంచించుకుపోతుంది. దానికి అబద్ధం చేతకాదు పెద్దమ్మా."

"అయితే నాకు నచ్చింది. లేవండి, ఆ ఎక్స్‌రే గది చూద్దాం."

తమ్ముడి చెయ్యి సంచి జిప్పు మీద ఆగింది. "ఇప్పుడెందుకక్కా? మళ్ళీ బండి టైమైపోతుంది."

"బండి ఆరున్నరకని నువ్వేగా చెప్పావు," అంటూ ఆవిడ అప్పటికే గుమ్మం దాటింది.

ప్రయోగశాల వరండాలో ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. పక్కనే డైరెక్టరు, నలిగిన చొక్కా, నలిగిన ముఖం. ఈ ఇన్‌స్పెక్టర్‌కూ పెద్దమ్మకూ పాత పరిచయమే. ఏ దొంగతనమైనా తాళంచెవి ఎవరి దగ్గరుందో చూసి వాళ్ళనే పట్టుకుంటాడని డిపార్టుమెంటులో అతన్ని తాళాల ఇన్‌స్పెక్టర్ అంటారు. మూడు కేసుల్లో అతను పట్టుకున్నవాళ్ళను పెద్దమ్మ విడిపించింది. అతను ఏదీ మరిచిపోలేదు.

"రండి మేడమ్, రండి! చుట్టాల కేసట కదా. ఫీజు తీసుకుంటున్నారా, ఇంటి పనేనా?"

"ఇంటి పనే. మీరు జీతం తీసుకుని చేసింది నేను ఊరికే సరిచేసిపెట్టాలి. ఏం చేస్తాం, నా ఖర్మ."

డైరెక్టరు దగ్గులోకి నవ్వు కలిపేశాడు.

"సరిచెయ్యడానికేముంది?" ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "పొర పక్క భవనంలో బీరువాలో ఉంది. సోమవారం మధ్యాహ్నం రెండింటికి డైరెక్టర్ గారే చూశారు. ఐదింటికి లేదు. బీరువా పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి డైరెక్టర్ గారి జేబులో. రెండోది ఈ అమ్మాయిది. అయిపోయింది."

"ఈ అమ్మాయి తాళంచెవి ఎక్కడుంటుంది?"

"ఏప్రన్ జేబులో."

"ఏప్రన్ ఎక్కడుంటుంది?"

"కొక్కేనికి."

"కొక్కెం?"

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు చూశాడు. వాళ్ళు నిలబడ్డ వరండాలోనే, అందరూ వచ్చీపోయే దారిలో, పిచ్చుక తెల్ల ఏప్రన్ వేలాడుతోంది.

"పోనీ, ఎవరైనా తీసి ఉండొచ్చు," అన్నాడు కొంచెం తగ్గి. "కానీ తీసేందుకు మనిషి ఖాళీగా ఉండాలి కదా? ఆ మధ్యాహ్నం అందరూ డైరెక్టర్ గారి మీటింగులో ఉన్నారు. లేనిది ఇద్దరే. ఈ అమ్మాయి తలనొప్పని గదికి పోయింది, సాక్షి లేడు. రెండోవారు మీ తమ్ముడుగారు. ఆయన ఎక్స్‌రే గదిలో రెండింటి నుంచి ఐదింటి దాకా ఐదు నిమిషాలకో చిత్రం తీశారు. యంత్రం పాతది, ప్రతి చిత్రానికీ షట్టరు చేత్తోనే తెరవాలి. బీరువా దాకా వెళ్ళి రావడానికి పావుగంట పడుతుంది. నేనే నడిచి చూశాను. ముప్పై ఆరు చిత్రాలు, టైములతో సహా ఉన్నాయి. ఇంకేం కావాలి?"

"ఆ గది కావాలి," అంది పెద్దమ్మ.

గది తలుపు మీద మంగళవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ వేయించిన సీలు అలాగే ఉంది. అప్పట్నుంచీ లోపలికి ఎవరూ పోలేదు. అతనే సీలు విప్పి, దారి ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చిన్న గది. మధ్యలో అద్దాల పెట్టెలో యంత్రం. ఒక చివర ఎక్స్‌రే పుట్టే గొట్టం, రెండో చివర దాన్ని పట్టుకునే తెర, నడుమ జానెడు ఖాళీ. ఆ ఖాళీలో ఇత్తడి చట్రం, చట్రంలో గోరంత పొర ముక్క. పిచ్చుక పొర తయారుచేసినప్పుడు అంచు నుంచి కత్తిరించిన ముక్క అది. మూలన తేమ పీల్చే డ్రైయరు గుర్రుగుర్రుమంటోంది. తలుపు కింద గాలి రావడానికి జల్లెడలాంటి కంత.

"ముక్క మీద మూతేం ఉండదా?"

"మా యంత్రంలో ఉండదు పెద్దమ్మా. గదిలో గాలెలా ఉంటే ముక్క అలా ఉంటుంది. అందుకే ఈ డ్రైయరు పగలూ రాత్రీ ఆడుతుంది."

పెద్దమ్మ నడుం వంచి, కళ్ళజోడు పైకి తోసుకుని, చట్రం కిందికి చూసింది. అక్కడ చిన్న గాజుగిన్నెలో ఆవగింజల కన్నా కొంచెం పెద్దవి, గులాబీరంగు గుళికలు.

"ముద్దుగా ఉన్నాయే. ఏమిటివి?"

పిచ్చుక వంగి చూసింది. చూసి, పెద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీలంగా ఉండాలి," అంది గొంతు తగ్గించి. "తేమ తగిలితేనే గులాబీ అవుతాయి. ఒకసారి అయితే ఓవెన్లో కాలిస్తే గాని మళ్ళీ నీలం కావు. శనివారం నేను చూసినప్పుడు నీలంగానే ఉన్నాయి."

శనివారానికీ మంగళవారానికీ మధ్య ఈ గదిలోకి తేమ వచ్చింది. పెద్దమ్మ ఆ పిల్ల చేతిని ఒక్కసారి నొక్కి వదిలి, ఏమీ ఎరగనట్టు డైరెక్టరు వైపు తిరిగింది.

"సోమవారం మీటింగెందుకు పెట్టారండీ?"

"ఈ భవనంలో కరెంటు పనుంటే, శనివారమే అందరికీ చెప్పి, రెండింటి నుంచి ఐదింటి దాకా లైను తీయించాను. ఎలాగూ పనులాగుతాయని అందర్నీ కింద హాల్లో కూర్చోబెట్టాను. వారం రోజులుగా ఒకటే వాన. ఉక్కపోతకి వరండా కిటికీలన్నీ తెరిపించాల్సి వచ్చింది. ఎక్స్‌రే యంత్రానికి బ్యాటరీ లైనుంది కాబట్టి మీ తమ్ముడుగారొక్కరూ మధ్యలో ఆపలేనని ఇక్కడుండిపోయారు."

"అలాగా." పెద్దమ్మ స్టూలు లాక్కుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది. "ఏరా, ఆ మూడు గంటలూ ఇక్కడే ఉన్నావా?"

"ఇక్కడే అక్కా. ఈ కుర్చీలోనే."

"బయట అంత ఉక్కపోస్తుంటే?"

"నాకేం తెలియలేదు. ఈ గది ఎప్పుడూ చల్లగా, పొడిగా ఉంటుంది. స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాను."

"డ్రైయరు ఆగలేదూ?"

తమ్ముడు నవ్వాడు. చిన్నప్పుడు లెక్క చెప్పలేక అక్క తడబడితే నవ్విన నవ్వే అది. "ఆగితే నాకు తెలీదా? నా వీపు వెనకే కదా మోగుతూ ఉంటుంది. యంత్రానికిచ్చిన లైనే దానికీ."

"డైరెక్టర్ గారూ, సోమవారం ఏ స్విచ్చి తీశారో అదే ఓసారి తీయించండి."

డైరెక్టరు ఫోనులో చెప్పాడు. నిమిషం గడిచింది. వరండాలో దీపాలు పోయాయి. గది మూలన గుర్రుగుర్రుమంటున్న డ్రైయరు ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టినట్టు కదిలి, చల్లబడిపోయింది. యంత్రం మాత్రం సన్నగా రొద చేస్తూనే ఉంది.

తమ్ముడి నవ్వు ముఖం మీద ఉంది గాని కళ్ళలో లేదు.

"ఆగిందేమో మరి," అన్నాడు చివరికి. "పనిలో పడి గమనించలేదు."

"నువ్వు గమనించకపోతే పోనీలేరా," అంది పెద్దమ్మ. "నీ ఎదురుగా చట్రంలో ఉన్న ముక్క గమనించి ఉంటుంది కదా."

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. "ఏమిటి మేడమ్ ఇది? కూతుర్ని కాపాడాలని తమ్ముణ్ణి ఇరికిస్తారా? లేక చివర్లో ఇద్దరినీ కాపాడి, నన్నొక్కణ్ణీ వెర్రివాణ్ణి చేస్తారా?"

"రెండో పని మీరే చేసుకుంటున్నారు, నా సాయం ఎందుకు? కాసేపు ఆ గోడకానుకుని నిలబడండి. పిచ్చుకా, సోమవారం చిత్రాలు పెట్టు."

పిచ్చుక కంప్యూటరు ముందు కూర్చుంది. ఒకదాని వెనక ఒకటి ముప్పై ఆరు వలయాలు తెర మీదికొచ్చాయి. అన్నిటి కింద టైములున్నాయి. రెండింటి నుంచి ఐదింటి దాకా. అన్నీ ఒకే పెట్టెలోంచి తీసిన గాజుల్లా ఒకే కొలత.

"ఒక్కటీ తగ్గలేదు," అంది పిచ్చుక. "మూడు గంటలు వానగాలిలో కూర్చున్న పొరది కాదు పెద్దమ్మా ఈ వలయం. ఇది ఎండుపొర."

"గాలి అంత దూరం వచ్చి ఉండదు," అన్నాడు తమ్ముడు గబగబా. "వచ్చినా ఈ పొర అంత తొందరగా తాగదు."

"తాగుతుందో లేదో పోసి చూద్దాం," అంది పెద్దమ్మ. "డైరెక్టర్ గారూ, ముందు లైను ఇప్పించండి, ఎండు పొర చిత్రం పిచ్చుక తీస్తుంది. తరవాత లైను తీయించి, సోమవారంలాగే కిటికీలు తెరవండి."

"మొదలు స్టాండర్డు తియ్యాలి," అంది పిచ్చుక. చట్రంలో ముక్క పక్కకి జరిపి, తెల్లటి పొడి ఉన్న చిన్న పళ్ళెం బిగించింది. అది వెండి కలిసిన పొడి. ప్రపంచంలో ఏ యంత్రంలో పెట్టినా దాని వలయాలు పడాల్సిన చోటే పడతాయి. కొలతబద్ద సరిగ్గా ఉందో లేదో చూసుకునే పద్ధతి అది. పొడి వలయాలు గీత మీద గీతలా కుదిరాయి. పిచ్చుక పళ్ళెం తీసి, ముక్కను మళ్ళీ ఎదురుకి జరిపి, అద్దం తలుపు మూసి, షట్టరు తెరిచింది.

ఐదు నిమిషాలకు వలయం వచ్చింది. సోమవారం వలయాల మీద దాన్ని పెడితే ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయింది.

"మూడు నానోమీటర్ల ఎడం. డ్రైయరు ఆడుతుంటే ఇంతే ఉంటుంది," అంది.

లైను పోయింది. డ్రైయరు ఆగింది. వరండా కిటికీలు ధడధడమని తెరుచుకున్నాయి. తడిగాలి తలుపు కింద కంతలోంచి జారి అందరి పాదాలనూ తాకింది. బయట వాన దంచి కొడుతోంది.

మొదటి చిత్రంలో తేడా లేదు. ఇన్‌స్పెక్టర్ చప్పుడయ్యేలా ఆవలించాడు. రెండోదాంట్లోనూ లేదు.

"నాలుగున్నర కావస్తోంది," అన్నాడు. "ఐదింటికి గది ఖాళీ కాకపోతే నేను కేసు రాసుకోవాలి. తమ్ముణ్ణి అడగాల్సినవి అడగడం మానేసి కిటికీలు తెరిచి చూస్తున్నారు. పైగా సొంత తమ్ముడాయె. చూసీచూడనట్టు వదిలెయ్యాలంటే ఇంతకంటే మంచి నాటకం ఉండదు."

పెద్దమ్మ చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. ఆ వలయం తగ్గకపోతే పిల్ల పోతుంది. తగ్గితే తమ్ముడు పోతాడు. ఏ దేవుడికి ఏమని దణ్ణం పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు.

మూడో చిత్రం వచ్చింది.

"పెద్దమ్మా!"

పిచ్చుక కేకకు డైరెక్టరు ఉలిక్కిపడి స్టూలు తన్నేశాడు. తెర మీద కొత్త వలయం పాతదానికి లోపలికి జరిగింది. వెంట్రుకవాసి కాదు, కళ్ళజోడు లేకపోయినా కనిపించేంత. ఐదు నిమిషాల తరవాత ఇంకా లోపలికి. మళ్ళీ ఐదు నిమిషాలకు మరింత. గుంపులు నీళ్ళు తాగుతున్నాయి, ఉబ్బుతున్నాయి, ఒకదానికొకటి ఎడం జరుగుతున్నాయి. వలయం అందరి కళ్ళ ముందే పిడికిలి ముడుచుకున్నట్టు చిన్నదవుతోంది.

"మూడున్నర... మూడూ ముప్పాతిక... తాగుతోంది! చూడండి, ఎలా తాగుతోందో చూడండి!" పిచ్చుక కుర్చీలోంచి లేచి నిలబడింది. మూడు రోజులుగా ఆ ముఖం మీద లేని రక్తం ఒక్క పెట్టున తిరిగొచ్చింది. "ఆ చిత్రాలు నిజంగా సోమవారం తీసి ఉంటే మూడు గంటల్లో వలయం ఇంతకంటే చిన్నదై ఉండాలి సార్. ఆ ముప్పై ఆరు చిత్రాలూ సోమవారానివి కావు. ముందే, డ్రైయరు ఆడుతుండగా తీసినవి. యంత్రం గడియారం ముందుకి తిప్పి తీశారు!"

తలుపు దగ్గర మూగిన తోటి పరిశోధకుల్లో ఎవరో ఈల వేశారు. ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టర్ గోడను వదిలి తెర దగ్గరకొచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు.

"కొలతబద్ద జరిగి ఉండొచ్చని అనొచ్చు కదరా," అంది పెద్దమ్మ తమ్ముడితో. ఆవిడ గొంతులో గెలుపు ఉంది. దాని కిందేముందో పైకి రానివ్వలేదు. "అనవేం?"

తమ్ముడు తెరనే చూస్తున్నాడు. ముఖంలో భయం కంటే ఇంకేదో ఉంది. పాఠం బాగా అప్పజెప్పిన శిష్యురాలిని చూసిన మాస్టారిలా ఉన్నాడు.

"ఎలా అంటాను?" అన్నాడు. "ఆ చిత్రాలకు ముందు నేనూ స్టాండర్డు తీశాను. అది కూడా అందులోనే ఉంది. గీత మీద గీతలా కుదిరింది."

"దొంగ చిత్రాలకి కూడా తీశావా?"

"తియ్యకుండా వదిలెయ్యాల్సింది. నా వల్ల కాలేదక్కా. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా స్టాండర్డు తియ్యకుండా షట్టరు తెరవలేదు."

గదిలో చప్పట్లు ఆగిపోయాయి.

"ఎందుకు మామయ్యా?" అంది పిచ్చుక.

"ఆ పోటీ కంపెనీ వాళ్ళు నా పేరుతో ఒక ప్రయోగశాల ఇస్తామన్నారు తల్లీ. తలుపు మీద నా పేరు. ఇక్కడ ప్రతి వ్యాసంలోనూ వలయాలు నావి, పేర్లు వేరేవాళ్ళవి. ఆదివారం చిత్రాలు తీసుకున్నాను. సోమవారం నీ ఏప్రన్లోంచి తాళంచెవి తీశాను. నిన్ను రోడ్డున పడెయ్యాలని కాదు. నీకు అక్కడ ఉద్యోగం చూశాను, సీటు కూడా కిటికీ పక్కన..." ఆయన ఆగాడు. "నువ్వు చిన్నదానివి. పేరు మాసినా ఉతుక్కునే వయసు నీది. నాకు లేదనుకున్నాను."

"వలయం చదవడం నాకు నేర్పింది నువ్వే," అంది పిచ్చుక. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా తల వంచలేదు. "తలకిందులుగా చదవొద్దని నువ్వే చెప్పావు."

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా, ఈ అమ్మాయి మీద వేసిన నిందకు ప్రయోగశాల క్షమాపణ కోరుతోందని, పొర మీద పని ఈ క్షణం నుంచి ఆమె చేతిలోనే ఉంటుందని, ఎక్స్‌రే గది తాళాలు కూడా ఆమెవేనని చెప్పాడు. ఈసారి చప్పట్లు వానను మించి మోగాయి. పిచ్చుకను స్నేహితులు భుజాల మీదికి ఎత్తుకున్నంత పని చేశారు. ఏడుస్తూనే, నవ్వుతూనే, ఎవరో ఏదో అడిగితే అప్పుడే వలయం సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. పెద్దమ్మకు అది వింటుంటే పదేళ్ళు తగ్గినట్టయింది.

ఇన్‌స్పెక్టర్ ఆవిడ పక్కకొచ్చి, అటు తిరిగి, గోడకు చెప్పినట్టు అన్నాడు. "నాలుగోసారి."

"ఏమిటండీ?"

"ఏం లేదు. మీరు సొంత తమ్ముణ్ణి పట్టిస్తారని నేననుకోలేదు."

"నేనూ అనుకోలేదు."

అతను ఆ మాట పొడిగించలేదు. దొంగను పట్టుకున్నది ఆవిడైతే అయింది, పొరైనా తనే తేవాలని అతని ఆరాటం. పొర ఊరి చివర ఒక గోడౌన్లో ఉందని, రేపు పొద్దున్నే కంపెనీ మనుషులు దాన్ని తరలిస్తారని తమ్ముడు చెప్పాడు. తలుపు కొట్టే పద్ధతి ఆయన ఒక్కడికే తెలుసు. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఇప్పుడే తెచ్చేస్తానని ఇన్‌స్పెక్టర్ జీపు తెప్పించాడు.

"ఒక్కరే వెళ్ళకండి," అంది పెద్దమ్మ. "ఇంత పనికి తెగించినవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు. స్టేషన్ నుంచి పది మందిని రానివ్వండి. అప్పుడు వెళ్ళొచ్చు."

"ఈ ఒక్క పనైనా నన్ను చేసుకోనివ్వండి మేడమ్. మీ పొర బుద్ధిమంతురాలే గాని, దానికి తుపాకీ లేదు. నాకుంది."

"వాడు నా తమ్ముడు."

"దొంగ కూడా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కాని కొంచెం మెత్తగానే అన్నాడు.

తమ్ముడు జీపెక్కే ముందు వానలో ఆగి వెనక్కి చూశాడు. పిచ్చుక వరండా మెట్ల మీదికొచ్చి నిలబడింది. ఆయన ఆ పిల్లతో ఏమీ అనలేదు. అక్కతో మాత్రం, "పొర తెచ్చిస్తాను. దానికి తేమ తగలనివ్వకండి. వెళ్ళొస్తానక్కా," అన్నాడు.

జీపు గేటు దాటేసరికి సాయంత్రం ఆరుంబావు. ఎనిమిది కొట్టే వేళకు ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చాడు. పొర అతని చేతిలో ఉంది. ప్లాస్టిక్ సంచిలో, ఆ సంచి ఇంకో సంచిలో, గాలి చొరకుండా చుట్టి ఉంది. గోడౌన్ తలుపు సందులోంచి తమ్ముడు దాన్ని బయటికి అందించి, కంపెనీ కాగితాలు కూడా ఉన్నాయి తెస్తానని లోపలికి పోయాడని, తరవాత లోపలి గడియ పడిందని, తలుపు పగలగొట్టి చూస్తే వెనక తలుపు బార్లా తెరిచి ఉందని చెప్పాడు. లోపల ఎవరూ లేరు. ఆయన కాలి చెప్పు ఒకటి వెనక గుమ్మం దగ్గర బురదలో, ఎవరినో ఈడ్చుకెళ్ళిన జాడ పక్కన పడి ఉంది.

పొరకు తేమ తగల్లేదు. పిచ్చుక దాన్ని యంత్రంలో పెట్టి చూసింది, వలయం సరిగ్గా ఉంది. తమ్ముడు ఆ గురువారం రాత్రి తిరిగి రాలేదు. ఆ తరవాత కూడా ఏనాడూ రాలేదు.